సామాను లెక్క, సొమ్ము లెక్క

ప్రభుత్వ ఇంజినీరింగ్ కార్యాలయాల్లో మొదటి నుంచీ రెండు లెక్కలు నడుస్తున్నాయి. ఏ పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని చెప్పేది సొమ్ము లెక్క. పలుగులెన్ని, పారలెన్ని, లెవెలింగ్ పరికరం ఎవరి దగ్గరుంది, రోడ్డు రోలరు ఏ ఊళ్లో ఆగింది అని చెప్పేది సామాను లెక్క. మొదటిది రూపాయల్లో సాగుతుంది, రెండోది ఉత్త సంఖ్యల్లో. మొదటిది అకౌంట్స్ గుమాస్తా బల్ల మీద ఉంటుంది, రెండోది సెక్షన్ ఇంజినీరు బీరువాలో. ఈ రెండింటినీ ఒకే తెర మీద పక్కపక్కన చూపించాలని శాఖలు ఇప్పుడు డాష్‌బోర్డులు చేయిస్తున్నాయి, చేయించినవాటిని మళ్లీ మారుస్తున్నాయి. రెండు లెక్కలూ ఎందుకు వేరయ్యాయో తెలియకుండా ఆ తెరను ఎన్నిసార్లు దిద్దినా పని తేలదు. ఆ వేర్పాటు కథ నూట డెబ్బై ఏళ్లకు పైబడింది.

ఈస్టిండియా కంపెనీ రాకముందు ఈ నేల మీద సామాను లెక్క అవసరం పెద్దగా ఉండేది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరుసగా చెక్కించారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాతికట్టడానికి నూరు బండ్లు, రెండేళ్ల కాలం అని పని లెక్క కూడా అక్కడే ఉంది. మనుషుల లెక్క ఉంది, బండ్ల లెక్క ఉంది, కాలం లెక్క ఉంది. పనిముట్ల ఊసు లేదు. పలుగూ పారా పనివాడి సొంతం. ఒడ్డెలు తమ గునపాలతోనే వచ్చేవారు, పని అయ్యాక వాటితోనే వెళ్లేవారు. చెరువు మరమ్మతుకు దశబంధం ఇనాములుండేవి. భూమి అనుభవించేవాడే కట్ట బాగోగులు చూసుకోవాలి. సర్కారుకు సొంత పనిముట్టు లేనప్పుడు దాన్ని లెక్కపెట్టే పనీ లేదు.

సొమ్ము, ధాన్యం, భూమి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. ఆయన రాసేది కడితం మీద. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పూసి నల్లగా ఆరబెట్టి, మడతలు వేసిన పొడవాటి పుస్తకం అది. దాని మీద బలపంతో రాస్తారు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. రోజువారీ లెక్కకు ఆ సౌకర్యం గొప్పది. నాలుగు ఊళ్ల అవతల ఉన్న పై అధికారికి మాత్రం అదే అనుమానం పుట్టించేది. తుడవడానికి వీల్లేని లెక్క కావాలన్న పట్టుదల తర్వాతి కాలంలో ఇంజినీరింగ్ శాఖ పుస్తకాలన్నింటికీ మూలసూత్రమైంది.

కంపెనీ తొలి రోజుల్లో మద్రాసు రాజధానిలో చెరువులు, కాలువల పనులను మరామత్తు అనేవారు. అవి రెవెన్యూ బోర్డు కింద ఉండేవి. కలెక్టరు అంచనా పంపితే బోర్డు మంజూరు చేసేది. సైనిక భవనాలు మిలిటరీ బోర్డువి. పెద్ద రోడ్లకు విడిగా ఒక సూపరింటెండెంటు ఉండేవాడు. మూడు చేతుల్లో మూడు రకాల లెక్కలు. ఒకే జిల్లాలో ఒకే ఏడు ఎంత ఖర్చయిందో కూడి చెప్పగలవాడు ఒక్కడూ లేడు. 1833 నాటి కరువులో గుంటూరు సీమ గుల్లయ్యాక, గోదావరి మీద ఆనకట్ట కట్టాలని ఇంజినీరు ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. 1846 చివర మంజూరు వచ్చింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది, 1852లో ముగిసింది. మధ్యలో కాటన్ ఆరోగ్యం చెడి సెలవు మీద వెళ్తే కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. స్థానికుల వైపు నుంచి వీణం వీరన్న కూలీలను కూడగట్టాడు.

సామాను లెక్క అసలు పుట్టుక ఇక్కడే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సుమారు మూడున్నర కిలోమీటర్ల ఆనకట్ట అది. అంత పని ఒడ్డెల గునపాలతో తెమలదు. క్వారీ నుంచి రాయి మోయడానికి పట్టాలు, వ్యాగన్లు కావాలి. నది దాటించడానికి పడవలు కావాలి. తలుపులు, ఇనుప సామాను చేయడానికి ధవళేశ్వరంలోనే వర్క్‌షాపు పెట్టారు. వీటన్నింటికీ యజమాని ప్రభుత్వం. పని ఒక భాగంలో ముగిస్తే అదే పట్టా, అదే పడవ మరో భాగానికి వెళ్లాలి. దాన్ని ఏ పని ఖర్చులో వేయాలి? మొదటి పని ఖాతాలో పూర్తిగా వేస్తే అది అన్యాయంగా బరువెక్కుతుంది. వేయకపోతే అంచనాకు ఖర్చుకు పొంతన కుదరదు. ఈ చిక్కు నేటికీ పూర్తిగా వీడలేదు.

మద్రాసు ప్రజాపనుల తీరును పరిశీలించడానికి 1850లో కమిషన్ వేశారు. 1852లో అది నివేదిక ఇచ్చింది. తర్వాత రెండుమూడేళ్లలో గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో పబ్లిక్ వర్క్స్ శాఖ ఏర్పడి, మూడు చేతుల్లోని పనులు ఒక చేతికి వచ్చాయి. ఇక బడ్జెట్. సిపాయిల తిరుగుబాటు అణచడానికైన ఖర్చుతో ఖజానా అప్పుల్లో ఉంది. ది ఎకనామిస్ట్ పత్రిక స్థాపకుడు జేమ్స్ విల్సన్‌ను లండన్ నుంచి ఆర్థిక సభ్యుడిగా పంపారు. ఆయన 1860లో భారత ప్రభుత్వపు మొదటి బడ్జెట్ ప్రవేశపెట్టాడు, ఆ ఏడు ఆగస్టులోనే కలకత్తాలో చనిపోయాడు. మొదటి ఆడిటర్ జనరల్ నియామకం కూడా 1860లోనే. అప్పటిదాకా మే ఒకటి నుంచి ఏప్రిల్ ముప్పై వరకు ఉన్న ఆర్థిక సంవత్సరం 1867లో ఏప్రిల్ ఒకటికి జరిగింది. రెవెన్యూ లెక్కలు మాత్రం జూలై ఒకటిన మొదలయ్యే ఫసలీలోనే ఉండిపోయాయి. తాలూకా కచేరీ ఒక ఏడాది లెక్కపెడుతుంటే, దాని పక్కనే ఇంజినీరు ఆఫీసు ఇంకో ఏడాది లెక్కపెట్టేది. నీటి తీరువా వసూలుకు, కాలువ మరమ్మతు ఖర్చుకు తూకం వేయాలంటే ముందు ఈ తేడాను సర్దాల్సి వచ్చేది.

కొత్త పద్ధతిలో రెండు సూత్రాలు గట్టివి. మొదటిది, లెక్క నగదు మీద సాగాలి. సొమ్ము చేతులు మారిన రోజే ఖర్చు. రెండోది, ఆ ఏడాది సొమ్ము ఆ ఏడాదికే. మార్చి 31 దాటితే మిగిలిన నిధులు మురిగిపోతాయి. శాసనసభ అదుపు కోసం ఇవి అవసరమే, ఆ విషయంలో తప్పుపట్టలేం. పరికరాల విషయంలో మాత్రం మొదటి సూత్రం పెద్ద లోటు తెచ్చింది. రోలరు కొన్న రోజున దాని ధర మొత్తం ఖర్చులో పడుతుంది. మర్నాటి నుంచి ముప్పై ఏళ్లపాటు ఆ రోలరు సొమ్ము లెక్కలో కనిపించదు. దాని ఉనికికి మిగిలే ఒకే ఆధారం సామాను రిజిస్టరులో రాసిన ‘1’ అనే అంకె.

ఆ రిజిస్టరు పేరు టూల్స్ అండ్ ప్లాంట్. ఆఫీసుల్లో అందరూ టీ అండ్ పీ అంటారు. వచ్చినవి, ఇచ్చినవి, నిల్వ అని మూడు వరుసలు. పబ్లిక్ వర్క్స్ అకౌంట్స్ కోడ్ ప్రకారం ఇది సంఖ్యల లెక్క, ఇందులో ధరలు ఉండవు. సిమెంటు, ఇనుము, తారు లాంటి వాడి అయిపోయే సరుకుకు అలా కాదు. దాన్ని స్టాక్ అంటారు. దానికి పరిమాణం, విలువ రెండూ రాసే లెడ్జరు ఉంటుంది. ఇష్యూ ధర కట్టి ఏ పనికి వాడితే ఆ పనికి ఖర్చు రాస్తారు. అంటే కరిగిపోయే సరుకు దగ్గర రెండు లెక్కలూ కలిశాయి, పదేళ్లు నిలిచే యంత్రం దగ్గర విడిపోయాయి.

బదిలీ వచ్చిన రోజున టీ అండ్ పీ రిజిస్టరు బరువు తెలుస్తుంది. వెళ్లే ఇంజినీరు, వచ్చిన ఇంజినీరు స్టోరు గదిలో నిలబడి ఒక్కో వస్తువూ లెక్కపెడతారు. పలుగులు నలభై ఉండాల్సిన చోట ముప్పై ఆరు కనిపిస్తే, నాలుగు ఎక్కడున్నాయో వెళ్లేవాడు చెప్పాలి. కాంట్రాక్టరుకు అరువిచ్చినట్టు రసీదు చూపించాలి, లేదంటే ధర కట్టాలి. విరిగినవాటికి సర్వే రిపోర్టు రాసి, పై అధికారి పనికిరానివని ఒప్పుకున్నాక వేలం వేస్తారు. అనుమతి వచ్చేదాకా తుప్పు పట్టిన తట్ట కూడా గదిలో ఉండి తీరాలి, అంకె సరిపోవాలి కదా. ఏడాదికి ఒకసారైనా అన్నీ కళ్లారా చూసి తనిఖీ చేసినట్టు సంతకం పెట్టాలి. ఉన్న వస్తువు పనిచేస్తోందా అన్న ప్రశ్నకు మాత్రం ఆ మూడు వరుసల్లో ఎక్కడా చోటు లేదు. చెడిపోయిన లెవెలింగ్ పరికరం కూడా లెక్కలో ఒకటే, కొత్తదీ ఒకటే.

దీనికి జోడు పుస్తకం మెజర్‌మెంట్ బుక్. ఎం.బుక్ లేనిదే బిల్లు లేదు. పేజీలకు ముందే అంకెలు అచ్చు వేసి ఉంటాయి. ఒక్క కాగితం చింపకూడదు. కొలతలు పని జరిగిన చోటే, సిరాతో రాయాలి. వేరే కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించడం నేరం కిందే లెక్క. తప్పు పడితే చెరపకూడదు. కొట్టివేసి, పక్కన సరైనది రాసి, తేదీతో పొడి సంతకం చేయాలి. బిల్లు తయారయ్యాక ఆ పేజీకి అడ్డంగా ఎర్ర సిరా గీత గీస్తారు, అదే కొలతకు రెండోసారి బిల్లు రాకుండా. పుస్తకం పోతే విచారణ తప్పదు. కడితం తడిగుడ్డకు చెరిగిపోయినంత సులువుగా ఈ పుస్తకంలో ఏదీ చెరగదు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారన్నది పేజీ మీదే మిగులుతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఆడిట్ ట్రయల్ అని వేరే పేరు పెట్టి చేర్చుకుంటున్న ఏర్పాటు ఇదే.

సొమ్ము మురిగిపోతుందన్న భయం మార్చి నెలను మార్చేసింది. మిగిలిన నిధులతో అవసరం లేని సరుకు కొని ఏదో ఒక పని ఖాతాలో రాయడం, సొమ్మున్న పని పేరుతో కొని సొమ్ములేని పనికి వాడడం, ఖర్చు ఎక్కువైనట్టు తేలకుండా వాడేసిన సరుకును తిరిగి స్టోరుకు వచ్చినట్టు రాయడం ఎంత మామూలయ్యాయంటే, ఈ మూడింటినీ పేరుపేరునా చెప్పి నిషేధించాల్సి వచ్చింది. దొంగ స్టాక్ సర్దుబాట్లు చేయరాదని అకౌంట్స్ కోడ్ స్పష్టంగా చెబుతుంది. నిషేధం రాసినంత మాత్రాన కారణం పోదు. ఖర్చు చేయడాన్నే పని చేయడంగా కొలిచినంత కాలం మార్చి హడావుడి ఉంటుంది.

హైదరాబాద్ రాజ్యంలో దారి వేరు. 1853లో దివాను అయిన మొదటి సాలార్ జంగ్ పన్ను వేలంపాటలు తగ్గించి, వసూళ్లను ప్రభుత్వ ఖజానాకే రప్పించాడు. 1865లో జిలాబందీతో జిల్లాల పాలన ఏర్పడింది. ప్రజాపనుల శాఖను తామీరాత్ అనేవారు. రాతకోతలు మొదట ఫారసీలో, తర్వాత ఉర్దూలో సాగాయి. నాణెం హాలీ సిక్కా. వంద బ్రిటిష్ ఇండియా రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు, అంటే ఆరుకు ఏడు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1931కి నిజాంసాగర్ పూర్తయ్యేనాటికి, బయటి నుంచి తెప్పించిన యంత్రానికి ఒక రూపాయి, ఊళ్లో కూలికి ఇంకో రూపాయి అన్నట్టు లెక్క కట్టాల్సి వచ్చేది. తుంగభద్ర ఆనకట్టకు 1945లో ఒక గట్టున మద్రాసు వారు, అవతలి గట్టున హైదరాబాద్ వారు శంకుస్థాపన చేశారు. నది ఒకటే, గోడ ఒకటే, ఖాతాలు రెండు.

1956 నవంబరు 1న రెండు సంప్రదాయాలూ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అప్పుడే రిజిస్టర్ల గళ్లు కూడా మారాయి. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. రూపాయి, అణా, పై అని మూడు నిలువు గళ్లున్న లెడ్జర్లు రెండు గళ్లకు దిగాయి. కొద్ది కాలానికే అడుగులు, ఘనపుటడుగుల స్థానంలో మీటర్లు, ఘనపు మీటర్లు వచ్చి ఎం.బుక్‌లూ మారాయి. పాత అంచనా అడుగుల్లో, అణాల్లో ఉంటుంది. దాని తుది బిల్లు మీటర్లలో, నయా పైసల్లో రావాలి. ఆ కొన్నేళ్లు గుమాస్తాలు పడ్డ శ్రమ ఇంత పెద్ద మార్పును నిలబెట్టింది. అలాంటి పనికి చరిత్ర పుస్తకాల్లో ఒక పేజీ కూడా దక్కకపోవడం బాధాకరం.

అదే కాలంలో 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. ప్రధానంగా మనుషుల చేతులతో లేచిన రాతి ఆనకట్ట అది. అయినా ఈ తరం ప్రాజెక్టులతో బరువు యంత్రాల వాడకం పెరిగింది, వాటితోపాటు లాగ్‌బుక్ ప్రాముఖ్యమూ పెరిగింది. యంత్రం ఏ రోజు ఎన్ని గంటలు నడిచింది, ఎంత డీజిలు తాగింది, ఏ పని మీద ఉంది అని డ్రైవరు రాస్తాడు. ఆ గంటలకు అద్దె కట్టి పని ఖాతాలో ఖర్చు వేస్తారు. ధవళేశ్వరంలో ఎదురైన చిక్కుకు ఇది నిజమైన జవాబు. యంత్రం ఖాళీగా ఉంటే అద్దె రాదు, ఆ ఖాళీ లెక్కలో తేలుతుంది. సామాను లెక్కకు, సొమ్ము లెక్కకు మధ్య కట్టిన మొదటి వంతెన ఈ లాగ్‌బుక్ అని చెప్పవచ్చు. చిన్న పరికరాలకు మాత్రం ఇది అందలేదు.

కంప్యూటర్లు వచ్చినప్పుడు ముందు సొమ్ము వైపే వచ్చాయి. 1976లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఏర్పడింది. ఎనభైల చివరికి దాని శాఖలు జిల్లా కేంద్రాలకు చేరాయి. ఆంధ్రప్రదేశ్ 2003లో టెండర్లను ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లోకి తెచ్చి దేశంలో ముందు వరసలో నిలిచింది. 2017లో వెలగపూడి సచివాలయంలో రియల్ టైమ్ గవర్నెన్స్ కేంద్రం పెట్టి, శాఖల అంకెలను గోడంత తెర మీదికి ఎక్కించారు. 2018 ఏప్రిల్ నుంచి బిల్లులు, చెల్లింపులు సీఎఫ్ఎంఎస్ అనే సమగ్ర వ్యవస్థలోకి వెళ్లాయి. మొదటి తరం తెరలు కాగితపు రిజిస్టర్లకు నకళ్లు. అవే గళ్లు, అదే వరుస. రెండో తరం వాటిలో శాతాలు పైకొచ్చాయి. కేటాయింపు, విడుదల, ఖర్చు, ఇన్ని శాతం పూర్తి. అధికారి తెర తెరవగానే పెద్ద అక్షరాల్లో కనిపించేది ఖర్చు శాతమే. అది చూసి సమీక్షలు జరుగుతాయి. మార్చి హడావుడికి మూలమైన కొలతే ఇప్పుడు తెర నెత్తిన ఉంది. పరికరాలు ఎక్కడో లోపలి పేజీలో, మూడు గళ్లలో, వచ్చినవి ఇచ్చినవి నిల్వ.

ఈ వరుసను తిరగరాసిన పని ఇంజినీరింగ్ శాఖల్లో కాకుండా ఆసుపత్రుల్లో జరిగింది. జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో వైద్య పరికరాల నిర్వహణ కార్యక్రమం చేపట్టి, దేశంలో 29,115 ఆరోగ్య కేంద్రాల్లోని పరికరాలను లెక్కపెట్టించింది. సుమారు ఏడున్నర లక్షల పరికరాలు, వాటి విలువ సుమారు 4,564 కోట్ల రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం పనిచేయడం లేదని తేలింది. ఆ పరికరాల కోసం పెట్టిన సొమ్ము ఎప్పుడో ఖర్చయిపోయింది. సొమ్ము లెక్కలో లోటు లేదు, సామాను లెక్కలోనూ లోటు లేదు. రోగికి పరీక్ష మాత్రం జరగలేదు. ఈ కార్యక్రమాన్ని మొదట చేపట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒక్కో పరికరానికి విడి గుర్తింపు సంఖ్య ఇచ్చి, దాని విలువ, ఉన్న చోటు, నడుస్తోందా లేదా అన్న స్థితి ఒకే వరుసలో పెట్టారు. చెడిపోతే ఫోను చేయడానికి ఒక నంబరు ఇచ్చారు. నిర్వహణ సంస్థకు ఇచ్చే సొమ్మును పరికరాల విలువకు, అవి పనిచేసిన కాలానికి ముడిపెట్టారు. జిల్లా ఆసుపత్రిలో 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 శాతం కాలం పరికరం నడవాలని కట్టడి చేశారు. సంఖ్య, రూపాయి, స్థితి మూడూ ఒక గడిలో చేరడంతో సమీక్షలో అడిగే ప్రశ్న మారింది. ఎంత ఖర్చు పెట్టారు అన్న చోట ఎన్ని ఆగిపోయాయి అని అడగడం మొదలైంది.

ఇంజినీరింగ్ శాఖల డాష్‌బోర్డులు తిరిగి దిద్దేవారికి ఇదే దగ్గరి నమూనా. దాన్ని పూర్తిగా అనుసరించాలంటే నగదు లెక్క అడ్డు వస్తుంది. పరికరం విలువ ఏటేటా ఎంత తగ్గుతోందో నగదు లెక్క చెప్పదు. కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) 2002లో ప్రభుత్వ అకౌంటింగ్ ప్రమాణాల సలహా మండలిని ఏర్పాటు చేసింది. 2004లో వచ్చిన జాతీయ మునిసిపల్ అకౌంట్స్ మాన్యువల్‌తో పట్టణ సంస్థలు జంట పద్దు, బకాయి ఆధారిత పద్ధతి వైపు జరిగాయి. అక్కడ స్థిరాస్తుల రిజిస్టరులో చెత్త లారీకి కొన్న ధర, ఏటి తరుగు, మిగిలిన విలువ ఉండాలి. రాష్ట్ర శాఖల ప్రధాన ఖాతాలు ఇంకా నగదు పద్ధతిలోనే ఉన్నాయి. అందుకే వాటి డాష్‌బోర్డుల్లో పరికరం విలువను ఖజానా లెక్క నుంచి నేరుగా తెచ్చుకునే వీలు లేదు. పాత కొనుగోలు బిల్లులు వెతికి, టీ అండ్ పీ రిజిస్టరులోని ఒక్కో అంకె పక్కన ఎవరో ఒకరు కూర్చుని చేత్తో ఎక్కించాల్సిందే.